చలికాలం ఇల్లు, కరెంటు బిల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దీపావళి వెళ్లిన వారం నుంచే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో గీజర్లు, దుప్పట్లు, కరెంటు బిల్లులు కనిపించడం మొదలవుతుంది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము. తెలుగునాట చలికాలపు ఖర్చు గదిని వెచ్చబెట్టుకోవడంలో కన్నా నీళ్లు కాచుకోవడంలోనే ఎక్కువగా ఉంటుంది. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం ఉంటాము. గృహజ్యోతి పథకం కింద అక్టోబరు దాకా సున్నా బిల్లే వచ్చింది. అప్పుడు 175 యూనిట్లు దాటేది కాదు. డిసెంబరులో 214 యూనిట్లు కాలాయని వెయ్యి రూపాయలు దాటిన బిల్లు చేతికిచ్చారు. ఏసీ లేదు, ఫ్యాన్లు వేయడం లేదు. గీజరు మాత్రం పొద్దున రెండు గంటలు ఆన్‌లో ఉంటుంది. ఇకనుంచి గ్యాస్ పొయ్యి మీద కాచుకుందామంటున్నారు మావారు. ఏది మేలు?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ముందు బిల్లు సంగతి చూద్దాం. 2024 మార్చి బిల్లుల నుంచి అమల్లోకి వచ్చిన గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల వరకే సున్నా బిల్లు. అది దాటితే దాటిన 14 యూనిట్లకే కాక మొత్తం 214 యూనిట్లకూ డబ్బు కట్టాలి. పైగా తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్లలో, నెలకు 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి నూరు యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతివి 4.80 చొప్పున పడితే, 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5.10 చొప్పున, 200 పైన 300 దాకా 7.70 చొప్పున పడుతుంది. ఇతర చార్జీలు పక్కన పెడితే, పథకం లేని ఇంట్లో 200 యూనిట్లకు 820 రూపాయలు, 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైమాటే. మీ ఇంట్లో అయితే అదే యూనిట్ సున్నాను వెయ్యి రూపాయలు చేసింది. కాబట్టి మీరు చేయవలసినది గీజరును తీసివేయడం కాదు, నెలకు ఓ ఇరవై యూనిట్లు తగ్గించుకోవడం.

గీజరు రెండు గంటలు ఆన్‌లో ఉంటే రెండు గంటలూ కరెంటు లాగుతూనే ఉంటుందన్న అనుమానం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. అది నిజం కాదు. 25 లీటర్ల నీళ్లు పట్టే, 2,000 వాట్ల గీజరు 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి 35 నిమిషాలు పడుతుంది, ఒక యూనిట్ పైచిలుకు కాలుతుంది. ఆపైన థర్మోస్టాట్ దానంతట అదే ఆపేస్తుంది. లోపలి వేడి తగ్గినప్పుడో, మీరు కుళాయి తిప్పి వేడినీళ్లు వాడుకున్నందువల్ల చన్నీళ్లు లోపలికి వచ్చినప్పుడో మాత్రమే మళ్లీ మొదలవుతుంది. అందువల్ల బిల్లును నిర్ణయించేది గీజరు ఎంతసేపు ఆన్‌లో ఉందన్నదాని కన్నా మీరు ఎన్ని నీళ్లు పోసుకున్నారన్నదే. 20 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే అర యూనిట్‌కు కాస్త తక్కువ పడుతుంది. నలుగురూ తలా ఒక బకెట్‌తో స్నానం ముగిస్తే నెలకు 56 యూనిట్లు. అదే షవరు కింద నిలబడి తలా 60 లీటర్లు పోసుకుంటే నెలకు 167 యూనిట్లు.

ఫ్యాన్లు కట్టేయడం వల్ల ఎంత మిగులుతుందో చాలామంది లెక్క వేసుకోరు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు రోజుకు పది గంటల చొప్పున తిరగకపోతే నెలకు 45 యూనిట్లు మిగులుతాయి. మీ అక్టోబరు వాడకం 175 లో అవి తీసేస్తే 130 ఉంటాయి. డిసెంబరులో 214 వచ్చాయంటే నీళ్లకు 84 దాకా పోయాయన్నమాట. బకెట్ లెక్కకు దిగితే మళ్లీ 190 లోపే ఉంటారు. మీ ఇంట్లో షవరు ఎవరికి ఇష్టమో మాకు తెలియదు గానీ, ఆ ఇరవై ముప్పై యూనిట్లు అక్కడే పోతున్నాయని మా అనుమానం.

ఇంకొక సులువు ఉంది. మీ ఇంటికి బోరు ఉంటే, రాత్రంతా మేడ మీద ట్యాంకులో చల్లబడిన నీళ్లతో గీజరు నింపుకోకండి. భూగర్భంలోని నీటికి పైనున్న చలి అంత తొందరగా అంటదు. తెల్లవారుజామున మోటరు వేసినప్పుడు పైపు నుంచి పొగలతో వచ్చే బోరు నీళ్లను చేత్తో తాకి చూడండి, దాదాపు 25 డిగ్రీల గోరువెచ్చదనం తెలుస్తుంది. ట్యాంకు నీరు 15 డిగ్రీలకు పడిపోయిన రోజున, 40 డిగ్రీలకు తేవడానికి 25 డిగ్రీలు పెంచాలి. బోరు నీళ్లకైతే 15 డిగ్రీలు పెంచితే చాలు. ఖర్చులో ఐదింట రెండు వంతులు అక్కడే తగ్గిపోతుంది. బోరు లేనివారు పిల్లలకు, పెద్దవారికి సాయంత్రం నాలుగు గంటల వేళ స్నానం పెట్టుకుంటే, ఎండకు కాగిన ట్యాంకు నీళ్లే సగం పని చేస్తాయి.

ఇక గ్యాస్ మాట. 14.2 కిలోల సిలిండరులోని వేడిలో పొయ్యి పక్కల నుంచి పోయేది పోగా, గిన్నెలోకి చేరేది 110 నుంచి 120 యూనిట్ల కరెంటుకు సమానం. సిలిండరు 900 రూపాయలు అనుకుంటే యూనిట్‌కు ఏడున్నర, ఎనిమిది రూపాయలు పడుతుంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి కరెంటే చవక. 300 యూనిట్లు దాటి, పై యూనిట్‌కు 9 రూపాయలు కట్టే ఇంటికి మాత్రం గ్యాస్ కాస్త కలిసివస్తుంది, అది కూడా గిన్నె మీద మూత పెట్టి కాచుకుంటేనే. మీవారి సలహా తప్పని మీరు చెప్పనక్కరలేదు, ఈ లెక్క చూపిస్తే చాలు. బిల్లు తీసిన తేదీన మీటరు మీది అంకె కాలెండరులో రాసిపెట్టుకుని పదిహేనో రోజున మళ్లీ చూసుకోండి. అప్పటికి నూరు దాటితే మిగిలిన పదిహేను రోజులకు జాగ్రత్త పడవచ్చు.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక మాట: అక్కడి రేట్లు అందరికీ ఒకే మెట్ల మీద నడుస్తాయి కాబట్టి ఒక యూనిట్ దాటినందుకు కింది యూనిట్ల ధర మారదు. కానీ 225 దాటాక యూనిట్ ధర 6 రూపాయల నుంచి 8.75కు ఎగబాకుతుంది.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దగ్గరి పల్లె. మా వైపు ఇగం మొదలైతే ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది. రాత్రంతా ఆమె మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తున్నాము. పొగ లేకుండా నిప్పులయ్యాకే లోపలికి తెస్తాము. మా అబ్బాయి రూమ్ హీటరు కొందామంటున్నాడు. బిల్లుకు భయపడుతున్నాము.
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఈ సంచిక చేతికందిన రాత్రి నుంచే ఆ కుంపటిని గదిలో పెట్టడం మానేయండి. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడమే ఇందులోని అసలు ప్రమాదం. ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువు ఉండవలసిన చోట అది వెళ్లి కూర్చుంటుంది. తల బరువెక్కడం, వాంతి వచ్చినట్టుండడం, మగత కమ్మడం దాని గుర్తులు, కానీ నిద్రలో ఉన్న మనిషికి అవి తెలియకుండానే ప్రాణం పోతుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవారు తెల్లారి లేవలేదన్న వార్త ఏటా ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాము. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టుకున్నవారికీ ఇదే హెచ్చరిక. చలిమంట కాచుకోవాలంటే వాకిట్లో కాచుకోండి, అత్తగారిని కూడా అరగంట అక్కడ కూర్చోబెట్టి, తర్వాత వెచ్చగా లోపలికి తీసుకురండి.

రూమ్ హీటరు 2,000 వాట్లది రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 16 యూనిట్లు, నెలకు 480. అంతా కట్టి, పైకప్పు నుంచి, తలుపు సందుల నుంచి ఆ వేడిని బయటికి పంపుతూ ఉంటారు. గదిని కాక మనిషిని వెచ్చబెట్టుకోండి. రెండు లీటర్ల నీళ్లను 20 నుంచి 70 డిగ్రీలకు కాచడానికి పట్టే కరెంటు, ఆ హీటరు మూడున్నర నిమిషాల్లో తినేసేంత. ఆ నీళ్లను రబ్బరు సంచిలో మూడింట రెండు వంతులు పోసి, గాలి తీసి, మూత బిగించి, మందపాటి తువాలు చుట్టి, పడుకోవడానికి అరగంట ముందు పక్కలో దుప్పటి కింద పెట్టండి. ఆమె పడుకునే ముందు సంచి తీసివేయండి. షుగరున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, సంచి కాలికి ఆనుకుని చర్మం కాలినా వెంటనే తెలియదు. తలకు మంకీ క్యాపు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, ఒంటికి ఒక లావుపాటి స్వెటరు బదులు రెండు పలుచటివి వేయండి. తప్పనిసరి అయితే పడుకునే ముందు ఒక అరగంట హీటరు వేసి ఆపేస్తే యూనిట్‌తో సరిపోతుంది. ఒళ్లు చల్లబడి, మాట తడబడి, మగతగా కనిపిస్తే ఇంట్లో వేడి పట్టుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా పాడేరులో రేకుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాను. లంబసింగి, చింతపల్లి వైపు నుంచి వచ్చే చలి అంటే సరదా పడేవాడిని, ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర లేదు. మూడు రగ్గులు కప్పుకున్నా కింది నుంచి చలి పుడుతోంది. పైన రేకుల నుంచి మంచు చుక్కలు కూడా పడుతున్నాయి.
– ఒక ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీ రోగం మీ ఉత్తరంలోనే ఉంది: కింది నుంచి చలి పుడుతోందన్నారు. మనిషి బరువుకు పరుపులోని దూది అణిగిపోతే అందులో గాలి మిగలదు, వేడిని ఆపేది ఆ గాలే. కప్పుకునేవాటిలో ఒకదాన్ని తీసి కింద వేసుకోండి. అన్నిటికన్నా అడుగున చాప లేదా గోనె సంచి, దాని మీద బొంత, ఆ పైన పరుపు. పాత నేతచీరలు నాలుగైదు మడతలు వేసి అంగుళానికొక కుట్టు పడేలా దగ్గర దగ్గరగా దారం కుట్టిన బొంత, బజారులో దొరికే మెరుపు రజాయి కన్నా తక్కువేమీ కాదని మా అభిప్రాయం. మడత మడతకూ మధ్య చిక్కుకున్న గాలి కదలకుండా ఆ కుట్లే పట్టి ఉంచుతాయి. దూది పరుపు గట్టిపడి ఉంటే దూదేకులవారి చేత ఏకించండి. కొత్తది కొనే ఖర్చులో చిన్న భాగంతో అది మళ్లీ పొంగుతుంది. వారానికి రెండుసార్లు మధ్యాహ్నపు ఎండలో వేసి, దులిపి, వెచ్చగా ఉండగానే మడిచి పెట్టుకోండి. తెలంగాణ నుంచి తెప్పించుకోగలిగితే దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి మీ కొండల తేమకు బాగా పనికొస్తుంది, కాస్త తడిసినా వెచ్చదనం వదలదు. మొదట్లో గుచ్చుకుంటుంది, కింద పలుచటి దుప్పటి వేసుకోండి.

పైన పడేవి మంచు చుక్కలు కావు, మీ ఊపిరిలోని ఆవిరీ, వంట ఆవిరీ చల్లని రేకుకు తగిలి నీరై కారుతున్నవి. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వదిలి బయటి గాలి కన్నా చల్లబడుతుంది. రేకుకు జానెడు కింద వెదురు తడకలు కట్టించి, వాటి మీద పాత దుప్పట్లో గోనెలో పరచండి. ఆ జానెడు గాలి అడ్డం పడితే చుక్కలూ ఆగుతాయి, చలీ తగ్గుతుంది. తడకకు నిప్పు తగలకుండా పొయ్యిని దూరంగా పెట్టుకోండి. తలుపు కింది సందుకు ఇసుక నింపిన పాత పంచె గొట్టం చాలు. వెంటిలేటరును మాత్రం పూర్తిగా మూయకండి.

ప్రశ్న: విశాఖలో చలి అంతంత మాత్రమే. మాకూ ఆదా చేసుకునే మార్గం ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఫ్రిజ్‌లోని మీటను ఎండాకాలపు అంకె నుంచి తక్కువ చల్లదనానికి తిప్పండి. వాడని ఏసీ, దాని స్టెబిలైజరు గోడ స్విచ్ దగ్గరే కట్టేయండి. మీ ఊళ్లో చలికాలం ఖర్చు పెంచదు, కొంచెం మిగిలిస్తుంది. సంతోషించండి.

ప్రశ్న: పీఎం సూర్యఘర్ రాయితీతో మేడ మీద సోలార్ వాటర్ హీటరు పెట్టించుకోవచ్చునా? మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ, బకెట్లకు తెల్లగా పేరుకుంటుంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం కరెంటు పుట్టించే సోలార్ పలకలకు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, మూడు కిలోవాట్లు, ఆపైన వాటికి మొత్తం 78,000 రూపాయలు రాయితీ. నీళ్లు కాచే యంత్రం అందులోకి రాదు. ఈ రెండింటికీ తేడా చెప్పకుండా అమ్మేవారు ఉంటారు, జాగ్రత్త.

రాయితీ లేకపోయినా మీ ఊరికి అది మంచి బేరమే. అనంతపురంలో డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం చాలా రోజులు నిర్మలంగా ఉంటుంది. అప్పుడు సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి పలక దక్షిణానికి తిరిగి, కాస్త ఏటవాలుగా ఉండాలి, పక్కింటి మేడ నీడ పడకూడదు. ముగ్గురు నలుగురికి నూరు లీటర్లది సరిపోతుంది. మీరు చెప్పిన, తెల్లగా పేరుకునే ఉప్పు సంగతి ముఖ్యం. సన్నని రాగి గొట్టాలుండే పలకల రకంలో ఆ ఉప్పు గడ్డకట్టి దారి మూసేస్తుంది. మీకు గాజు గొట్టాల రకం నయం. అందులోనూ అడుగున పేరుకున్నదాన్ని ఏడాదికొకసారి కడిగించాలి. అదే ఉప్పు మీ పాత గీజరు కాయిల్‌కూ పట్టి ఉంటుంది, ఒకసారి విప్పించి చూడండి. స్నానాల గదికి పైపు దూరమైతే, వేడినీళ్లు వచ్చేదాకా వదిలే చన్నీళ్లను బకెట్లో పట్టుకుని మొక్కలకు పోయండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. గుంటూరు నుంచి మా అమ్మానాన్న డిసెంబరులో వచ్చారు. మేము 68 డిగ్రీల దగ్గర పెట్టిన థర్మోస్టాట్‌ను అమ్మ ఎవరూ చూడకుండా 76కు తిప్పుతోంది. బిల్లు చూసి నాన్నగారే బాధపడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీ అమ్మగారిని తప్పు పట్టలేము. 68 ఫారెన్‌హీట్ అంటే 20 సెల్సియస్. గుంటూరులో జనవరి తెల్లవారుజాముకు అది పెద్ద దూరంలో లేదు. ఆవిడకు మీ ఇంట్లో రోజంతా సంక్రాంతి ముందటి తెల్లవారుజామే. మనవైపు శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, అక్కడ అంతదాకా ఓపిక పట్టమనడమూ భావ్యం కాదు.

ఇల్లంతా 76కు తేవడం కన్నా వారి పడకగదిని మాత్రమే వెచ్చబెట్టండి. ఒరిగితే దానంతట అదే ఆగిపోయే 1,500 వాట్ల చిన్న హీటరును, ఎక్స్‌టెన్షన్ తీగకు కాకుండా నేరుగా గోడ సాకెట్‌కు తగిలించి, పడకకూ కర్టెన్లకూ మూడడుగుల ఎడం ఉంచి, వారు మెలకువగా ఉన్నంతసేపే వేయండి. కిటికీ తెరలు పగలు తీసి, పొద్దువాలగానే మూయండి. ముందు తలుపు అడుగు నుంచి వెలుతురు కనిపిస్తే అక్కడి నుంచే చలి కూడా వస్తోందన్నమాట, రబ్బరు పట్టీ అంటించండి. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇల్లయితే, మీరు పనికి వెళ్లినప్పుడో పడుకున్నప్పుడో రోజుకు ఎనిమిది గంటలు ఏడు నుంచి పది డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి పది శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అమ్మానాన్న పగలంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి మీకు రాత్రి మాత్రమే వీలు. హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం) ఉన్న ఇంట్లో అలా తగ్గించి మళ్లీ ఒక్కసారిగా పెంచితే సాయానికి పెట్టిన కరెంటు కాయిళ్లు మొదలై ఆదా అంతా పోతుంది, అక్కడ ఒకే అంకె మీద ఉంచడమే మేలు. వాటర్ హీటరును 120 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టండి.

2021 ఫిబ్రవరి గడ్డకట్టు చలి మీరు మరచిపోయి ఉండరు. కరెంటు పోయిన ఆ రోజుల్లో గ్యారేజీలో కారు నడిపించుకుని వెచ్చబడబోయి టెక్సస్‌లో ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పైన ఆదిలాబాద్ పాఠకురాలికి చెప్పిన విషవాయువే అది. ఇంట్లో దానిని కనిపెట్టి మోగే అలారం లేకపోతే ఈ వారమే తగిలించండి. బయటి కుళాయిలకు తొడుగులు వేసి, గడ్డకట్టే రాత్రి బయటి గోడవైపు కుళాయిలను సన్నని ధారగా వదలండి. అమ్మానాన్నలతో కలిసి నాలుగు రోజులు ఊరెళ్లే పని పడితే హీటింగు పూర్తిగా కట్టేయకుండా 55 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి, నీటి మెయిన్ వాల్వు మూసి, అది ఎక్కడుందో పక్కింటివారికి చూపించి వెళ్లండి.